పలచని గూళ్ళు

పట్టుపురుగంత తిండిపోతు ఈ భూమ్మీద ఇంకోటి ఉండదు. గుడ్డులోంచి వచ్చినప్పుడు నలకంత ఉన్నది నెల తిరక్కుండా చిటికెన వేలంత అవుతుంది. పగలూ రేయీ మల్బరీ ఆకు నమలడమే పని. మధ్యమధ్యలో తిండి మానేసి, తల పైకెత్తి మగతగా పడుంటుంది. మదనపల్లె వైపు రైతులు దాన్ని జ్వరం అంటారు. జ్వరం దిగాక పాత చర్మం విడిచేసి మళ్ళీ ఆకు మీద పడుతుంది. ఈ తిన్నదంతా ఎక్కడికి పోతుందయ్యా అంటే, దాని ఒంట్లో అటొకటి ఇటొకటి మెలికలు తిరిగి ఉండే రెండు గొట్టాల్లోకి. అవే పట్టు గ్రంథులు.

డాక్టర్ చంద్రకళ చదువంతా ఆ గొట్టాల మీదే సాగింది. ఆ గ్రంథిలో ఏ కణాన్ని కోసి చూసినా లోపల నిండా కనిపించేది గరుకు అంతర్జీవద్రవ్యజాలం. అంత పొడుగు పేరు రోజూ పలకలేక ఆమె ప్రయోగశాలలో అందరూ దాన్ని ‘గరుకు’ అని పిలుచుకునేవాళ్ళు. మైక్రోస్కోపు కింద అది ఉతికి మడతపెట్టిన దుప్పట్ల దొంతరలా ఉంటుంది. దుప్పట్ల మీద రవ్వ చల్లినట్టు రైబోజోములు. ఒక్కో రవ్వగింజా ఒక ప్రోటీను దారాన్ని తయారుచేస్తూ, చేసింది చేసినట్టే మడతలోకి తోస్తూ ఉంటుంది. లోపల ఆ దారం తనకి తగ్గట్టు ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది. ఆకారం సరిగ్గా వస్తేనే దానికి బయటికి దారి. వంకర పోయిందా, గరుకు దాన్ని పట్టి ఆపుతుంది, సరిచెయ్యాలని చూస్తుంది, అప్పటికీ దారికి రాకపోతే బయటికి ఈడ్చి ముక్కలు చేయించేస్తుంది. ఆ కాపలా అంత గట్టిది.

చంద్రకళ కూతురు లాస్య ఆ కాపలా వల్లే చచ్చిపోతోంది.

కండరాల్లో పేరుకునే చక్కెర నిల్వల్ని కరిగించే ఎంజైము ఒకటి మనందరి ఒంట్లోనూ తయారవుతుంది. లాస్య ఒంట్లోనూ అవుతుంది. జన్యువులో ఒక్క అక్షరం తేడా వల్ల అది కాస్త వంకరగా వస్తుంది, అంతే. ఆ వంకరతోనే వదిలేసినా సగం పనైనా చేసేది. గరుకు వదలదు. రెండేళ్ళప్పుడు లాస్య గోడ పట్టుకుని మెట్లెక్కేది. మూడేళ్ళు వచ్చేసరికి గోడ పట్టుకున్నా ఎక్కలేకపోయింది. బయటి దేశాల నుంచి తెప్పించిన మందు ఎక్కిస్తే రెండోసారికే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆగినంత పనయింది. ఆ దారీ మూసుకుపోయింది.

అప్పుడే చంద్రకళకి ఆ ఆలోచన వచ్చింది. అంత పట్టు చేసే గరుకు, లాస్యకి కావలసిన ఎంజైము చెయ్యలేదా? మనిషి జన్యువుని పట్టుపురుగు గుడ్డులో పెడితే, పురుగు గూడు కట్టేటప్పుడు పట్టుదారం మీది బంకలో ఆ ఎంజైము కూడా వచ్చేస్తుంది. గూటిని గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే బంక కరుగుతుంది, బంకతో మందు దిగుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి నాలుగేళ్ళు పట్టింది. వేల గుడ్లు పాడయ్యాక, ఒకే ఒక్క తల్లి సీతాకోకచిలక సంతానంలో జన్యువు నిలిచింది. ఆ ఒక్క వంశమే లాస్య ఆయుష్షు.

ప్రయోగశాలలో ఆ పురుగులు బతికితే ఒట్టు. ఏసీ గదుల్లో పెరిగిన పురుగులు రోగం తగిలి, ఒంట్లోంచి పాలలాంటి రసం కారి చచ్చేవి. బతికినవాటి గూళ్ళు పలచగా, మెత్తగా ఉండేవి. మన పెంపకం బాగాలేక ఇలా ఉన్నాయని చంద్రకళ, ఆమె దగ్గర పరీక్షలు చేసే ఇంతియాజ్ ఇద్దరూ అనుకున్నారు. అలా అనుకోవడం సహజమే.

చివరికి చంద్రకళ తల్లి దగ్గరికి పోయింది.

రెడ్డెమ్మ ఊరు మదనపల్లెకి దగ్గరే. ఆమె పెళ్ళయి వచ్చిన ఏడాదే పురుగుల షెడ్డులో అడుగుపెట్టింది, ఇంక బయటికి రాలేదనే చెప్పాలి. పురుగులకి వాసనలు పడవని, అవి ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో తాళింపు వెయ్యరు, ఊదుబత్తి వెలిగించరు, తలకి వాసన నూనె రాసుకోరు. చుట్టాలొస్తే వాకిట్లోనే మంచమేసి కూచోబెడతారు.

“పురుగు కడుపులో మనిషి మందు ఎట్ల వస్తాది మే?” అంది రెడ్డెమ్మ.

“కడుపులో కాదమ్మా, గూట్లో. ఈ పురుగులు బతికితే లాస్య బతుకుతుంది.”

రెడ్డెమ్మ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కొంగు దోపుకుని లేచింది. “గుడ్లు యాడుండాయో చూపీ” అంది.

ప్రత్యేక అనుమతులు తెచ్చి, షెడ్డు చుట్టూ సన్నని వల కట్టించి, తలుపుకి రెండు తాళాలు వేసి చంద్రకళ ఆ వంశాన్ని తల్లి చేతిలో పెట్టింది. ఎంత వేడి ఉండాలో, ఆకు ఏ పొలం నుంచి తేవాలో, బయటి పురుగులతో కలవకుండా ఎలా చూడాలో అన్నీ చెప్పింది. రెడ్డెమ్మ అన్నిటికీ తలూపింది. ఒక్కటి కూడా తప్పలేదు.

మొదటి పంట చేతికొచ్చింది. ఆ గూళ్ళ నుంచి తీసిన మందు లాస్యకి ఎక్కించారు. దద్దుర్లు రాలేదు. పక్షానికోసారి సూది, సూదికోసారి చిన్న మార్పు. ముందు చెంచా తనంతట తానే ఎత్తుకుంది. తర్వాత లేచి నిలబడింది. ఒక పొద్దున సురేంద్ర డిపోకి పోదామని చెప్పులేసుకుంటుంటే వెనకాల నుంచి “నాన్నా, నన్ను చూడు” అని కేక వినిపించింది. లాస్య మేడమెట్ల మీద నాలుగో మెట్టు మీద నిలబడుంది. గోడ పట్టుకోలేదు. సురేంద్ర ఆర్టీసీలో గుమాస్తా, ఏనాడూ ఆలస్యంగా పోని మనిషి. ఆ రోజు డిపోకి పోనేలేదు.

అప్పటి నుంచి సెలవొస్తే లాస్య అవ్వ దగ్గరే ఉండేది. పంట వచ్చిన రోజు ఆ ఇంట్లో పండగ. పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు తడికల మీది నుంచి, అదే చంద్రికల మీది నుంచి, గూళ్ళు ఊడదీసి వరండాలో దుప్పటి పరిచి పోస్తారు. పక్కన రెండు తట్టలు. రెడ్డెమ్మ ఒక్కో గూడూ తీసి బొటనవేలితో నొక్కి, చెవి దగ్గర ఆడించి, ఈ తట్టలోకో ఆ తట్టలోకో వేస్తుంది. ఆమె చేతులు ఎంత వేగంగా ఆడతాయంటే పక్కనున్నవాళ్ళు మాట్లాడ్డం మర్చిపోయి చూస్తుంటారు.

“గట్టియి ఈ పక్కకి ఎయ్ పాపా” అని మనవరాలికి నేర్పింది. “అవి విత్తనానికి. ఈటి కడుపున పుట్టేవి ఇంకా గట్టిగా వస్తాయి. పలచనివి మీయమ్మ ఆఫీసుకి పోనీ. ఆడ ఎట్లా నీళ్ళలో నానబెట్టేదే గదా.”

“అవ్వా, ఇది గట్టిదా?”

“నొక్కి చూడు. రాయి మాదిరి ఉండాదా? ఐతే గట్టిదే. శబాసో నా తల్లీ, నువ్వు నాకంటే బాగా ఏరతావే!”

చంద్రకళ కూడా ఎన్ని ఆదివారాలు ఆ దుప్పటి పక్కన కూచోలేదు! కబుర్లు చెప్తూ తనూ ఏరింది. ఆ వరండాలో పుట్టి పెరిగిన మనిషికి గట్టి గూడంటే మంచి గూడు. విత్తనానికి మంచిది ఎత్తిపెట్టడమూ, అన్నం వండేముందు బియ్యం కడగడమూ ఆమెకి ఒకటే. అందులో అడగాల్సింది, చెప్పాల్సింది ఉందని ఆమెకి తోచనే లేదు.

రెడ్డెమ్మ ఆఫీసు అని పిలిచే ప్రయోగశాలకి వచ్చిన పలచని గూళ్ళలో ప్రతిసారీ మందు చిక్కగానే ఉండేది. ఒక్కోసారి ముందుకంటే చిక్కగా ఉండేది. గూళ్ళు మాత్రం పంట పంటకీ తగ్గుతూ వచ్చాయి. విత్తనానికి ఎక్కువ ఉంచుకుంటోంది కాబోలు, ముందుముందు పెద్ద పంట తీద్దామనేమో అనుకుంది చంద్రకళ. మందు చాలుతోంది, పిల్ల ఎగురుతోంది. ఆ రోజుల్లో ఇంకేం అడగాలి ఎవరైనా!

రెండేళ్ళు అలా గడిచాయి. లాస్య బడిలో మూడో తరగతికి వచ్చింది.

ఆ శ్రావణంలో రెడ్డెమ్మ తానే ఆటో కట్టించుకుని ఆఫీసుకి వచ్చింది. ఆమె ఏనాడూ అక్కడికి రాలేదు. ముఖం వెలిగిపోతోంది. ఇద్దరు మనుషుల చేత మూటలు మోయించుకొచ్చి బల్ల మీద పెట్టించింది.

“చూడు మే చంద్రా! నా బతుకులో ఇట్లాంటి పంట తియ్యలేదు. ఒక్కటంటే ఒక్కటి పలచనిది లేదు. అన్నీ రాళ్ళే! విత్తనానికి పోను ఇంత మిగిలిండాది. ఈసారి నా మనవరాలికి మందు కరువు లేదు.”

ఇంతియాజ్ ఒక గూడు తీసి నొక్కి చూసి, “ఎంత బాగున్నాయి మేడమ్!” అన్నాడు. చంద్రకళ తల్లిని గట్టిగా వాటేసుకుంది.

మర్నాడు ఇంతియాజ్ నానబెట్టిన నీళ్ళని పరీక్షకి పెట్టాడు. ఎంజైము ఉంటే గొట్టంలో నీళ్ళు పసుప్పచ్చగా మారాలి. మారలేదు. రసాయనం పాతదేమోనని కొత్త సీసా విప్పాడు. మారలేదు. ఇంకో మూటలోంచి తీశాడు, ఇంకో మూటలోంచి తీశాడు. బల్ల మీద వరసగా నిలబడ్డ గొట్టాలన్నిట్లోనూ తేటనీళ్ళు.

“మేడమ్, ఒకసారి రండి” అని పిలిచాడు. అతని గొంతు విని చంద్రకళ పరుగెత్తుకుంటూ వచ్చింది.

ఆ పంటలోవే కొన్ని పురుగుల్ని గూడు కట్టక ముందు ఆఫీసుకి తెప్పించి దాచి ఉంచారు. చంద్రకళ వాటి పట్టు గ్రంథిని కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. గరుకు అంత అందంగా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. దుప్పట్ల దొంతర ఎక్కడా చెదరలేదు, ఉబ్బలేదు. హాయిగా, ఏ కష్టమూ లేకుండా పట్టు మాత్రమే చేసుకుంటోంది.

పాత బొమ్మలు తీసి పక్కన పెట్టుకుంది. మొదటి తరం పురుగుల గరుకు అది. మడతలు ఉబ్బిపోయి, దొంతరలు చెదిరిపోయి, సగం ముడుచుకున్న మనిషి ఎంజైముతో కిక్కిరిసి ఉంది. పురుగుకి అలవాటు లేని ప్రోటీను అది, సరిగ్గా మడవడం కష్టం. మడవలేక గరుకు అల్లాడుతుంటే, కణం తన మిగతా పనంతా తగ్గించుకుంది. పట్టు కూడా తగ్గించుకుంది. అందుకే ఆ గూళ్ళు పలచన.

చంద్రకళకి అప్పుడు అర్థమయింది. పలచదనం పెంపకం లోపం కాదు. అదే మందు గుర్తు. మందు చేసిన పురుగు గూడు పలచగా ఉంటుంది. ఎక్కడో లోపల ఆ జన్యువు నోరు మూయించేసిన పురుగు గూడు గట్టిగా ఉంటుంది. ప్రతి పంటలోనూ మందు చేసేవాటిని నానబెట్టడానికి ఆఫీసుకి పంపి, మందు మానేసినవాటికి పిల్లల్ని కనే హక్కు ఇచ్చారు. గరుకు తన పద్ధతిలో వంకరవాటిని ఆపినట్టే, రెడ్డెమ్మ తన పద్ధతిలో పలచనివాటిని పక్కన పెట్టింది. ఇద్దరూ నిజాయితీగానే చేశారు. ఇద్దరి మధ్యా లాస్య పడిపోయింది.

పట్టుపురుగు గుడ్లని ఏళ్ళ తరబడి దాచి ఉంచడం కుదరదు. తరం తర్వాత తరం పెంచుతూ పోవాలి. వెనక్కి పోదామంటే వెనక ఏమీ మిగల్లేదు.

ఇంటికి వచ్చి సురేంద్రకి చెప్పింది.

“మళ్ళీ మొదటి నుంచి చెయ్యలేవా?” అని అడిగాడు అతను.

“చేస్తా. నాలుగేళ్ళు పట్టింది పోయినసారి. పాప దగ్గర నాలుగేళ్ళు లేవు.”

“అత్తకి చెప్తావా?”

“ఏమని చెప్పేది? నీ మనవరాలి మందుని నువ్వే ఏరి పారేసినావు అని చెప్పేదా? మా అమ్మ ఆ మాట విని బతుకుతుందా?” చంద్రకళ పిల్ల పడుకున్న గది తలుపు దగ్గరికి వేసింది. “ఆ దుప్పటి మీద పాప కూడా ఏరింది. మీరు ఎవురికీ చెప్పబాకండి. ఎన్నటికీ చెప్పబాకండి.”

ఆఖరి ఆశగా తల్లి దగ్గరికి పోయింది. విత్తనానికి ఉంచిన గూళ్ళలో పలచనివి ఉంటే ఇమ్మంది, పరీక్షకి కావాలంది.

“నా పంటలో పలచనియి యాడుండాయి మే?” అని రెడ్డెమ్మకి రోషం వచ్చింది. అయినా బిడ్డ అడిగిందని దుప్పటి పరిచింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ గుట్టంతా ఒక్కోటీ నొక్కి చూశారు. అడుగున ఒక్కటి దొరికింది. నొక్కితే వేలు దిగింది. చంద్రకళ దాన్ని రెండు చేతుల్లోనూ పెట్టుకుని కారెక్కింది. ఆఫీసులో విప్పి చూస్తే లోపల పురుగు రోగం తగిలి నల్లబడి చచ్చిపోయి ఉంది. పలచగా ఉండడానికి అదీ కారణం.

జన్యువు మార్చిన పురుగుల్ని మందు కోసం తప్ప పెంచకూడదని అనుమతిలో షరతు ఉంది. మందు లేనప్పుడు కాల్చెయ్యాలి. కాల్చడానికి మనుషులు వచ్చిన రోజు రెడ్డెమ్మ షెడ్డు గుమ్మానికి అడ్డంగా కూచుంది.

“నా పురుగులకి ఏం రోగమొచ్చిందని కాల్చేది? పచ్చగా కళకళ్ళాడతా ఉండాయి. తిండి చూడు, నడక చూడు!”

“పురుగులకేం కాలేదమ్మా” అంది చంద్రకళ. “వాటిలోంచి మందు తీసేది నాకు కుదరలేదు.”

“మొన్నటి దాకా కుదిరింది గదా?”

“ఇప్పుడు కుదర్లేదు.”

“ఇంకొక్క పంట చూడు మే. నీ కాళ్ళు పట్టుకుంటా. ఇంకా గట్టియి తీసిస్తా.”

ఆ మాట విన్నాక అక్కడ నిలబడటం చంద్రకళ వల్ల కాలేదు. చేత్తో సైగ చేసింది. మనుషులు రెడ్డెమ్మని రెక్కలు పట్టి పక్కకి తీసుకుపోయారు. పొగ వచ్చేటప్పుడు ఆమె అరిచిన అరుపు ఊరంతా వినిపించింది. “నా పురుగులు బాగుండాయి! నీ చదువే చేతకానిది అయింది!”

ఆ రోజు నుంచి ఆమె కూతురితో మాట్లాడలేదు. మనవరాలి కోసం ఇంటికి వచ్చేది, మంచం పక్కన కూచునేది, కూతురు గదిలోకి వస్తే లేచి పోయేది.

దాచిన మందు ఉన్నంత కాలం లాస్య నడిచింది. తర్వాత మెట్లు ఆగిపోయాయి. తర్వాత బడి ఆగిపోయింది. చలికాలం వచ్చేసరికి చెంచా చేతిలో నిలబడటం లేదు. ఊపిరి అందించే యంత్రాన్ని మంచం పక్కన పెట్టారు. దాని తొడుగు ముఖం మీంచి తీసిన కాసేపే లాస్య మాట్లాడగలిగేది. ఒక మధ్యాహ్నం చంద్రకళ పిల్ల కాళ్ళకి నూనె రాస్తోంది.

“అమ్మా, అవ్వ నిన్ను తిడతా ఉంటే నువ్వేమీ అనవు ఏంటికి?”

“అవ్వ కదా. అననీలే.”

లాస్య కాసేపు ఊపిరి తీసుకుంది. “నీకు నిజంగా చేతకాలేదా?”

ఈ ఒక్కరికైనా నిజం చెప్పుకోవాలని చంద్రకళకి ప్రాణం కొట్టుకుపోయింది. నేను చేశాను తల్లీ, చేసి చూపించాను, నువ్వు మెట్లెక్కావు కదా అని అరవాలనిపించింది. చెప్తే, ఆ తర్వాత గూళ్ళ సంగతీ చెప్పాలి. పిల్ల తెలివైంది, మధ్యలో ఆపితే ఊరుకోదు.

“చేతకాలేదు బంగారూ” అంది.

“పర్లేదులే” అంది లాస్య. చెయ్యి ఎత్తబోయింది, అది లేవలేదు. చంద్రకళే ఆ చేతిని తీసి తన చెంప మీద పెట్టుకుంది.

ఉగాది ముందు లాస్య పోయింది.

చిన్నపిల్ల కాబట్టి పూడ్చిపెట్టారు. మూడోనాడు పాలు పోసి వచ్చారు. ఇల్లంతా చుట్టాలు. రెడ్డెమ్మ ఆ మూడురోజులూ ముద్ద ముట్టలేదు. నీళ్ళు తాగమన్నా తాగలేదు. గోడకి ఆనుకుని, ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసుకుంటూ కూచుంది. ఆమె ఆ చేతుల్ని అలా చూసుకుంటుంటే చంద్రకళకి భయమేసింది. ఆలోచిస్తోందా? ఎక్కడో అనుమానం మొలిచిందా?

చంద్రకళ పోయి తల్లి ఎదురుగా కూచుంది. “అమ్మా, కొంచెం అన్నం తిను.”

రెడ్డెమ్మ తలెత్తింది. “నేనేమన్నా తప్పు చేసినానా మే?” అంది. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. “ఆకు తప్పిందా? వేడి తప్పిందా? నా చేతిలో ఏమన్నా తప్పిందా? నిజం చెప్పు.”

సురేంద్ర ఒక్క ఉదుటున లేచాడు. ఇన్ని నెలలు అతను అందరి మాటలూ విని ఊరుకున్నాడు, ఇంక తన వల్ల కాదని అతని ముఖంలోనే ఉంది. చంద్రకళ చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

“నీ చేతిలో ఏం తప్పుతుందమ్మా” అంది. “నీ పురుగులు బంగారం. నాకే చేతకాలేదు. తొందరపడి ఏదో మార్చినా, మందు పాడైపోయింది. నేనే పాడు చేసినా.”

రెడ్డెమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది. మూడురోజులుగా చచ్చిపోయి ఉన్న కళ్ళలోకి కోపం వచ్చింది. “నువ్వు తల్లివేనా?” అని మొదలుపెట్టింది. చుట్టాలందరి ముందూ తిట్టింది. చదువుని తిట్టింది, ఆఫీసుని తిట్టింది, కన్న కడుపుని తిట్టింది. చంద్రకళ తల వంచుకుని కూచుంది. చుట్టాల్లో ఒకావిడ అదను చూసి అన్నం పళ్ళెం తెచ్చి రెడ్డెమ్మ ముందు పెట్టింది. తిడుతూనే ఆమె పళ్ళెం దగ్గరికి లాక్కుంది, తిడుతూనే పప్పు కలిపింది, తిడుతూనే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

సురేంద్ర భార్య పక్కన కూలబడ్డాడు. “ఎన్నాళ్ళిట్లా?” అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేట్టు. అతని కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“మెల్లగా మాట్లాడండి” అంది చంద్రకళ, తల్లి వైపే చూస్తూ. “తింటా ఉంది.”

రెడ్డెమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది.